చొక్కాలో పావురం

అమ్మాన్, జబల్ అల్-తాజ్
సెప్టెంబరు 12, 1994

చెల్లీ బహియ్యా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు. నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

నాన్న మిద్దె పుస్తకం అవుతోంది. అచ్చు పుస్తకం! అట్టతో, వెన్ను మీద పేరుతో, చదివి తిట్టుకునే పాఠకులతో సహా.

ఈ ఊళ్లో పుస్తకాలు వేసేవాళ్లందరూ నాకు కాఫీ పోసినవాళ్లే. ఒక్కడూ నా పుస్తకం వెయ్యలేదు. "ఉస్తాద్ నజాతీ, మీ సమీక్షలంటే మాకు ప్రాణం" అనేవాళ్లు. ఉండదా మరి? ముప్ఫై ఏళ్లు ఊరందరి పుస్తకాలూ ఉతికి ఆరేశాను. ఇప్పుడు బంగారం కొట్ల వెనక సందులో లమీస్ అనే అమ్మాయి కొత్తగా ప్రచురణ మొదలుపెట్టింది. నా సమీక్ష ఒక్కటీ చదవలేదట. అందుకే కాబోలు నన్ను గౌరవిస్తోంది.

నాన్న పావురాల మీద నేను రాసిన మొదటి అధ్యాయం ఆమెకిచ్చాను. ఆ కాగితాల్లో నువ్వు పోయిన రంజానులో రాసిన ఉత్తరం కలిసిపోయింది. సాయంత్రం పక్షులు దిగే వేళ గురించి రాశావే, అది. లమీస్ అదీ చదివింది. పర్వాలేదంది. ఇద్దరూ కలిసి రాస్తే వసంతానికల్లా వేస్తానంది. నా మనసులో ఉన్నదీ అదే కనుక ఒప్పుకున్నాను.

పని ఇలా చేద్దాం. మిద్దె మీద సంగతులు నువ్వు రాసి పంపు. వాటికి నేను భాష తొడుగుతాను. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. నాది పైన, నీది కింద. పెద్దవాణ్ణి కనుక.

ఏడో అధ్యాయం మాత్రం పూర్తిగా నాది. అందులో బుర్హాన్ ఉంటాడు.

నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు. కుర్రతనంలో మేమిద్దరం ఒకే కాఫీ హోటల్లో కూర్చునేవాళ్లం. ఒక చలికాలమంతా నాన్న పావురాల కథలు వాడికి చెప్పాను. వేసవి వచ్చేసరికి అవన్నీ 'మా తాతగారి మిద్దె' అనే వ్యాసమై పత్రికలో పడ్డాయి. బుర్హాన్ పేరుతో! వాడి తాత సబ్బుల వ్యాపారి. జన్మలో కోడిని కూడా పట్టి ఎరగడు. ఆ వ్యాసం బడి పుస్తకంలోకెక్కింది. నేను బడిపంతుల్ని. ఏటా నా నోటితోనే దాన్ని పిల్లలకు చదివి వినిపించాను. "పక్షిని పైకెత్తుటలో రచయిత భావమేమి?" అని ప్రశ్నపత్రం కూడా నేనే రాశాను. రచయిత భావమేమిటో నాకు తెలుసు. దొంగతనం.

వాడిప్పుడు డాక్టర్ బుర్హాన్. సభ ఏదైనా మొదటి వరస వాడిదే. ఏడో అధ్యాయం వచ్చాక ఎక్కడ కూర్చుంటాడో చూద్దాం.

డమాస్కస్ టాక్సీ నడిపే అబూ సయ్యాహ్ ప్రతి గురువారం అక్కడికి వస్తాడు. రాసిన కాగితాలు అతని చేతికివ్వు. పోస్టును నమ్మను. ఫోన్ చెయ్యకు. నా ఎడమ చెవి పోయింది, కుడి చెవికి ఓపిక లేదు.

నీ అన్న
నజాతీ


డమాస్కస్, మైదాన్
సెప్టెంబరు 23

అన్నయ్యా,

నిలబడే చదివాను. పడలేదు. పొయ్యి మీద అన్నం మాత్రం అడుగంటింది. ఆ మాడు అన్నం మీ బావ రుష్దీ నోరెత్తకుండా తిన్నాడు. తిని లేచి, మంగలి షాపు దాకా వెళ్లి చెప్పొచ్చాడు.

"మా ఆవిడ పుస్తకం రాస్తోంది."

"దేని మీదండీ?"

"పావురాల మీద."

"అయ్యో పాపం" అన్నాడట మంగలి.

ఆ 'అయ్యో పాపం' దగ్గరే పుస్తకం మొదలెడదాం అన్నయ్యా! పక్కింటి గోడ తగాదాలో నాన్నని సాక్ష్యానికి పిలిచారు, గుర్తుందా? అమ్మ ఇస్త్రీ చేసిన కోటు తొడిగి పంపింది. నేను వెంట వెళ్లాను.

"ఏం చేస్తుంటావు?" అన్నాడు ఖాజీ.

"జీనులు కుడతానండి. గుర్రాలకి."

"మరి సాయంత్రాలు?"

వెనకనించి ఎవడో పావురాల ఈల వేశాడు. ఇంకేముంది, ఒకటే నవ్వు. "పావురాలవాడి సాక్ష్యం చెల్లదు. ఇంటికెళ్లు" అన్నాడు ఖాజీ. పావురం కోసం వాళ్లు ఎంత ఒట్టయినా వేస్తారని, గూట్లో పరాయి పక్షిని పెట్టుకుని రాలేదని చెప్తారని లోకం మాట. దారిలో నాన్న అన్నది ఒకటే. "గోడ వాడిదేనే తల్లీ. నేను చెప్పినా చెప్పకపోయినా."

ఎదుటి కొండ మీద రొట్టెల మీర్జా గురించి పది పేజీలు రాశాను. నాన్నకీ వాడికీ మధ్య సంధి ఉన్నప్పుడు ఎవరి పక్షి తప్పిపోయి వచ్చినా పొద్దున్నే తిరిగి పంపేవాళ్లు. మీర్జా దాంతోపాటు వేడి రొట్టె కూడా పంపేవాడు. యుద్ధం అనుకున్నాక మాత్రం పట్టినవాడిదే పక్షి. యుద్ధం నడిచిన రెండేళ్లూ మనింటికి రొట్టె కొనడానికి ఊరు దాటి వెళ్లాల్సొచ్చింది. అమ్మ తిట్లు కూడా రాశాను. అవి నువ్వు తీసేస్తావని తెలుసు. తియ్యకు.

రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు. వంటింట్లో గోధుమ పిండి డబ్బా మీద కాగితాలు పెట్టుకుని రాస్తున్నాను. పిండి అంటితే దులుపుకో.

అబూ సయ్యాహ్ చేతికి నూనెలో ఊరిన వంకాయలు ఇచ్చాను. దారిలో రెండు తింటాడు, తిననీ.

నీ బహియ్యా


అమ్మాన్
అక్టోబరు 20

చెల్లీ,

వంకాయలు అందాయి. కాగితాలూ అందాయి. రెండిటికీ నూనె ఎక్కువైంది.

నీ పేజీలు సంస్కరించాను. "నాన్న గడ తిప్పాడు" అని రాశావు. "జనకులవారు దండమును వర్తులాకారమున భ్రమింపజేసిరి" అని మార్చాను. గడ చివర నల్లగుడ్డ ఉన్నంతసేపూ పక్షులు దిగవని రాసిన చోట ప్రాచీనుల ఉపమానాలు మూడు చేర్చాను. ఖాజీ ఘట్టానికి రోమన్ల న్యాయశాస్త్రం నుంచి ఒక పేరా పెట్టాను. లమీస్‌కి ఇచ్చాను.

ఆ పిల్ల చదివి, గట్టిగా నవ్వి, ఎర్ర పెన్సిలు తీసింది. నేను చేర్చినవన్నీ కొట్టేసింది! "ఉస్తాద్, మీ చెల్లెలు మిద్దె మీద ఉన్నారు. మీరు గ్రంథాలయంలో ఉన్నారు" అంది. ముప్ఫై ఏళ్లు ఇతరుల వాక్యాలు కొట్టిన చెయ్యి నాది. మొదటిసారి ఎదురు తగిలింది. ఇంటికొచ్చి నీ పేజీలు మళ్లీ చదివాను. అవి అలాగే ఉండనీ.

అయినా నేనింత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తులేదు. పొద్దున లేవగానే బల్ల దగ్గరికి పరిగెడుతున్నాను. లమీస్ అక్షరాల నమూనాలు చూపించింది. కాగితం రెండు రకాలు తెప్పించింది. వేళ్లతో తడిమి చూసి మందంగా ఉన్నది ఎంచాను. నాన్న మిద్దె పలచటి కాగితం మీద నిలవదు.

ఏడో అధ్యాయం పూర్తయింది. దీంతో పంపుతున్నాను. అందులో కీలకం ఈ వాక్యం: 'నాన్న పట్టిన పక్షిని రెండు చేతులా పైకెత్తి, అస్తమించే సూర్యుడికి అడ్డంగా పట్టి, ఊరంతటికీ చూపించేవాడు.' ఇదే వాక్యం బుర్హాన్ వ్యాసంలో 'మా తాతగారు' అని ఉంది. దేశంలో పిల్లలందరికీ కంఠస్థం. నా నోటి మాట! రెండూ పక్కపక్కన పెట్టి, కింద వాడి పేరు రాశాను.

చదివి చెప్పు. చప్పట్లు కొడితే అక్కణ్నించి ఇక్కడికి వినపడాలి.

నజాతీ


డమాస్కస్
నవంబరు 4

అన్నయ్యా,

ఆ లమీస్‌కి ఒక ముద్దు నా తరఫున. నాన్న 'జనకులవారు' అయ్యుంటే మీర్జా నవ్వి నవ్వి పొయ్యిలో పడేవాడు.

ఏడో అధ్యాయం చదివాను. తిట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. రుష్దీ రెండుసార్లు చదివించుకున్నాడు. బుర్హాన్‌ని "పరాయి గుడ్డు మీద పొదిగి తండ్రినని తిరిగేవాడు" అన్నావే, దానికి నేను నిజంగానే చప్పట్లు కొట్టాను.

ఒక్క సంగతి. ఆ ఎత్తి చూపడం జరగలేదు.

నాన్న ఏనాడూ పక్షిని ఎత్తి చూపలేదు అన్నయ్యా. ఏ పావురాలవాడూ చూపడు. మీర్జా ఎదుటి మిద్దె మీదే నిలబడి ఉంటాడు కదా, తన పక్షి కోసం మెడ చాచి. వాడికి ఎత్తి చూపించడమంటే నడిబజార్లో చెంప పగలగొట్టడమే. నాన్న వలలోంచి పక్షిని తీసేవాడు. ముక్కు మీద మెల్లగా ఊదేవాడు. చొక్కా గుండీ విప్పి లోపల పెట్టుకునేవాడు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మన పక్షులకి జొన్నలు చల్లేవాడు. చొక్కా లోపల అది కొట్టుకుంటుంటే నాన్న గుండె బయటికొచ్చినట్టుండేది.

"చూపించు నాన్నా, అందరూ చూస్తారు" అని ఒకసారి నేనే అన్నాను.

"పోగొట్టుకున్నవాడికి తెలుసు. పట్టుకున్నవాడికి తెలుసు. మూడోవాడికేం పని?" అన్నాడు.

ఇదంతా రాసి పంపుతున్నాను. నీ వాక్యం తీసేసి ఇది పెట్టు. అయినా నువ్వెక్కడ చూశావు? నువ్వు మిద్దె ఎక్కలేదు కదా. నిచ్చెన చూస్తేనే నీకు కళ్లు తిరిగేవి.

ఆప్రికాట్ తాండ్ర పంపుతున్నాను. పళ్లు ఉన్నవైపు నమలు.

బహియ్యా


అమ్మాన్
నవంబరు 10

బహియ్యా,

నీకు మతి తప్పింది. నాన్న ఎత్తి చూపించేవాడు. నాకు బాగా తెలుసు. తాండ్ర పులిసింది.

నజాతీ


అమ్మాన్
నవంబరు 28

చెల్లీ,

నీ దగ్గర్నించి జవాబు లేదు. పోయిన ఉత్తరం తాండ్ర గురించి అన్యాయంగా రాశాను. అది బాగానే ఉంది.

నీ మాట తేల్చుకుందామని కింద బజారుకి వెళ్లాను. పక్షులమ్మే వీధిలో ఒక ముసలాడున్నాడు. కళ్లు సరిగ్గా కనపడవు. పావురాన్ని చేత్తో తడిమి దాని వంశం చెప్తాడు. అడిగాను.

"ఎత్తి చూపించడమా?" అన్నాడు. "ఎవడు చెప్పాడయ్యా నీకు? బళ్లో పంతులా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనే ఆ పంతుల్నని చెప్పలేదు.

కనుక నువ్వన్నదే నిజం. మరి ఆ ఎత్తడం ఎక్కణ్నించి వచ్చింది? ఆలోచించాను. కాఫీ హోటల్లో బుర్హాన్‌కి చెప్తున్నప్పుడు కథకి చివర కావాలి. చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్నే రెండు చేతులా పైకెత్తాను. అంతే. అక్కడ పుట్టింది.

ఆగు, ఇంకా ఉంది. నాకు ఆనందంతో నిద్ర పట్టడం లేదు! అది ఏ మిద్దె మీదా జరగలేదంటే, ఈ లోకంలో అది రెండే చోట్ల ఉంది. నా నోట్లో, వాడి వ్యాసంలో. సొత్తు దొంగిలించినవాడు 'నాదే' అనవచ్చు. నా అబద్ధం దొంగిలించినవాడు ఏమంటాడు? ఏ కోర్టుకైనా ఇంతకన్నా రుజువేం కావాలి?

చిక్కు ఒకటే. రుజువు చూపాలంటే నేను లేచి "అయ్యా, ఈ అబద్ధం నాది" అనాలి. పావురాలవాడి కొడుకు అబద్ధాలకోరని ఊరంతా ఈల వేస్తుంది. ఆ పని చెయ్యను. కాబట్టి ఇలా చేద్దాం. ఎత్తడం నిజమనే ఉంచుదాం. నీ చొక్కా పేజీ తీసేద్దాం. రెండూ ఒక పుస్తకంలో ఇమడవు. ఒక్క పేజీ. ఎవరికి తెలుస్తుంది?

బుర్హాన్ నా వల కింద ఉన్నాడు చెల్లీ. నలభై ఏళ్లకి దిగాడు. ఒప్పుకో.

నజాతీ


డమాస్కస్
డిసెంబరు 9

అన్నయ్యా,

ఒప్పుకోను.

కోపంతో రాయడం లేదు. నిన్న కోపంతో రాసినది చింపేశాను. రుష్దీ ముక్కలు ఏరి చదివి "ఇది అచ్చెయ్యాల్సింది" అన్నాడు.

నాకు పదమూడు నిండిన రోజు అమ్మ నన్ను మిద్దె దించింది. నాన్న ఎక్కాక నిచ్చెన తీసి వంటింటి వెనక పెట్టేది. మర్నాటి నుంచి నేను వంటింట్లో కూర్చుని ఈల విని చెప్పేదాన్ని – ఇప్పుడు గుంపు లేచింది, ఇప్పుడు మీర్జా వైపు తిరిగింది, ఇప్పుడు దిగింది. నువ్వు దీపం దగ్గర చదువుకుంటూ "ఇంకా చెప్పు, ఇంకా చెప్పు" అనేవాడివి. మిద్దె నీకు నేను చెప్పిందే అన్నయ్యా. కాఫీ హోటల్లో కూర్చుని ఆ కథలన్నీ చెప్పావు కదా, 'మా చెల్లెలు చూసింది' అన్నావా ఒక్కసారైనా? నేనెప్పుడైనా నిన్ను దొంగ అన్నానా? అనను. నా కథలు నువ్వు చెప్తుంటే నాకు గొప్పగానే ఉండేది. ఇప్పుడూ అనడం లేదు.

ఖాజీ నాన్నని నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. ఈ పుస్తకం నాన్న సాక్ష్యం. అందులోనూ ఆయన చేత అబద్ధం ఆడిస్తావా? అదీ బుర్హాన్ కోసం?

కావాలంటే అట్ట మీద నా పేరు తీసెయ్. చొక్కా పేజీ మాత్రం తియ్యకు. తీస్తే నా పేజీలన్నీ అబూ సయ్యాహ్ చేతికిచ్చి వెనక్కి పంపెయ్. గోధుమ పిండి డబ్బా మీద చోటుంది.

చలి పెరిగింది. మఫ్లర్ అల్లి పంపుతున్నాను. ఈసారి పులిసిందనకు.

బహియ్యా


అమ్మాన్
జనవరి 17, 1995

చెల్లీ,

పుస్తకం ప్రెస్సుకి వెళ్లింది. ఏం ఉంది, ఏం లేదు అని అడక్కు. అచ్చులో చూసుకో.

లమీస్ ఒక లాయరుకి ఏడో అధ్యాయం చూపించింది. బతికున్నవాడి పేరు పెట్టి దొంగ అంటే సాక్షి ఎవరని అడిగాడు. "పావురాలవాడి కొడుకు" అన్నాను. వాడికి నవ్వు రాలేదు. కుర్రాడు, ఏమీ తెలియదు. పేరు తీసేశాను. తిట్లన్నీ ఉంచాను. మనిషి లేకుండా తిట్లు మాత్రమే ఉన్నాయి, కొక్కేనికి తగిలించిన కోటులా. ఎవడికి సరిపోతే వాడు తొడుక్కుంటాడు.

ప్రెస్సుకి రోజూ వెళ్తున్నాను. సిరా వాసన పీల్చి ఇంటికొస్తే అన్నం కూడా అక్కర్లేదు. "ముసలాయన మళ్లీ వచ్చాడు" అని పనివాళ్లు నాకో కుర్చీ వేశారు.

మఫ్లర్ వెచ్చగా ఉంది.

నజాతీ


డమాస్కస్
ఫిబ్రవరి 24

అన్నయ్యా! అన్నయ్యా!

అబూ సయ్యాహ్ హారన్ కొడుతూ వీధిలోకి వచ్చాడు. పెళ్లికూతురి ఊరేగింపేమో అనుకుని అందరూ బయటికొచ్చారు. అతను కారులోంచి చెయ్యి చాచి అట్ట చూపించాడు. నీలం రంగు. మిద్దె, గడ, దూరంగా చుక్కల్లా పక్షులు. పైన బహియ్యా. కింద నజాతీ.

పైన బహియ్యా!

లమీస్ పొరపాటు చేసిందా? చెప్పు, ఇంకా టైముంటే మార్పించు. మార్పించొద్దు. అసలు ఏమైంది?

లోపలి కాగితాలు కూడా పంపావు కదా, వీధిలోనే నిలబడి వెతికాను. చొక్కా పేజీ ఉంది. ఎత్తి చూపే వాక్యం లేదు. నా మాటలే ఉన్నాయి. ఒక్క 'జనకులవారు' కూడా లేరు. అమ్మ తిట్లు కూడా ఉన్నాయి!

మంగలి అట్ట తీసుకెళ్లి అద్దం పక్కన అతికించాడు. "పావురాలు మంచివేనమ్మా" అంటున్నాడిప్పుడు. రుష్దీ ప్రతివాడికీ "పైనున్న పేరు మాది" అని చెప్తున్నాడు. నేను లోపలికెళ్లి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, ఈ ఉత్తరం రాస్తున్నాను.

బహియ్యా


అమ్మాన్
మార్చి 16

చెల్లీ,

పొరపాటేం లేదు. అరబీ అక్షరాల వరసలో నీ అక్షరం ముందు, నాది చివర. ఇంతకన్నా దానికి అర్థం లేదు. రుష్దీని గర్వపడొద్దను.

పుస్తకం బయటికొచ్చింది. లమీస్ కొట్టు కిటికీలో పేర్చింది. రోజుకి రెండుసార్లు ఆ దారిన నడిచి, ఎవడో అపరిచితుణ్ణన్నట్టు ఆగి చూస్తున్నాను. నిన్న ఒక ఆవిడ కొంటుంటే వెనక నిలబడ్డాను. నీ పేజీలు తెరిచి అక్కడే చదివి నవ్వింది. నా పేజీలు కూడా తిప్పింది. అంతే, తిప్పింది.

ఏడో అధ్యాయం సంగతి విను! గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టయింది ఊరు. మొదట బళ్ల తనిఖీ అధికారిగా చేసినాయన ఫోన్ చేసి, నా కుడి చెవి పగిలేలా అరిచాడు. తను నా వ్యాకరణ నోట్సు వాడుకున్న మాట నిజమే గానీ పేరు వేద్దామనే అనుకున్నాడట. ఆయన వాడుకున్నాడనే నాకు తెలియదు! తర్వాత ఒక కవి. వాడు నా దగ్గర తీసుకున్న నిఘంటువు మనిషి చేత తిరిగి పంపాడు. అది నాదని నేనెప్పుడో మర్చిపోయాను. ఆ తర్వాత మందుల షాపు యజమాని, పద్యాలు రాస్తాడే, అతను వీధిలో ఆపి "నన్నే అన్నావు" అని కంట తడి పెట్టాడు. అతన్ని అనలేదు. అతని పద్యాలు దొంగ సరుకైతే అంత నాసిరకంగా ఉండవు.

ఇంతమంది భుజాలు తడుముకున్నారు. తడుముకోనివాడు ఒక్కడే. బుర్హాన్! ఏడో అధ్యాయం చాలా నచ్చిందని, అలాంటి మనుషులు తనకూ ఎదురయ్యారని లమీస్‌కి చెప్పాడట. వచ్చే నెల ఆవిష్కరణ సభకి వస్తాడట. మొదటి వరసలో కుర్చీ అడిగాడు.

నువ్వు రా. మోకాళ్లని కూడా తీసుకురా. టాక్సీ వెనక సీటంతా నీకే.

నజాతీ


డమాస్కస్
ఏప్రిల్ 2

అన్నయ్యా,

డాక్టరు ఒప్పుకోవడం లేదు. వంగని కాలుతో సరిహద్దు దగ్గర అంతసేపు కూర్చోలేనట. రుష్దీ డాక్టరుని తిట్టాడు. నేను రుష్దీని తిట్టాను.

నువ్వొక్కడివే నిలబడు. మఫ్లర్ వేసుకో, ఏప్రిలైనా సరే. బుర్హాన్ కనపడగానే నోరు పారేసుకుంటావని భయంగా ఉంది. పారేసుకోవద్దని చెప్పను. నీ నలభై ఏళ్లు నీవి. ఏం చేసినా తర్వాత నాకు ముక్క వదలకుండా రాయి, నేను నీకు రోజూ చెప్పినట్టు.

బహియ్యా


అమ్మాన్
ఏప్రిల్ 21

చెల్లీ బహియ్యా,

ముక్క వదలకుండా రాస్తున్నాను.

హాలు నిండింది. వెనక వరసల్లో పక్షుల వీధివాళ్లు కూర్చున్నారు. కళ్లు కనపడని ముసలాడు కూడా వచ్చాడు. పుస్తకాన్ని పావురాన్ని తడిమినట్టు తడిమి "బరువుంది" అన్నాడు. లమీస్ నీ చొక్కా పేజీ చదివింది. "పోగొట్టుకున్నవాడికి తెలుసు" దగ్గర వెనక వరస లేచి నిలబడింది. నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. దుమ్ము.

అప్పుడు బుర్హాన్ లేచాడు. పట్టు టై, వెండి పిడి చేతికర్ర.

"ఉస్తాద్ నజాతీ, మంచి పుస్తకం. ఒక చిన్న దోషం. మీ సోదరి ఆడపిల్ల కదా, ఎక్కడో దూరంనించి చూసి ఉంటుంది. పట్టిన పక్షిని చొక్కాలో దాచరు. పైకెత్తి చూపుతారు. మా తాతగారు అలాగే చేసేవారు. దేశంలో పిల్లలందరికీ ఆ వాక్యం తెలుసు."

సగం హాలు ఆ వాక్యం అందుకుని అప్పజెప్పింది. నేను పాఠం చెప్పిన వాళ్లే.

నా మిద్దె మీద దిగాడు చెల్లీ. నేను ఈల కూడా వెయ్యలేదు. తనంతట తనే వచ్చి నా కాళ్ల దగ్గర వాలాడు. ఒక్క మాట చాలు.

"డాక్టర్‌గారూ, మీ తాతగారి మిద్దెకి ఎదుటి మిద్దె ఎవరిది?" అన్నాను.

"ఎదుటి మిద్దా?"

"అవునండి. పేరు."

వాడు పట్టు టై సవరించుకున్నాడు. వెనక వరసలో ముసలాడు "హు" అన్నాడు. తన పేరు మర్చిపోయిన పావురాలవాడు ఉంటాడు గానీ, ఎదుటి మిద్దెవాడి పేరు మర్చిపోయినవాడు ఉండడు.

"పర్లేదు. మా ఎదుటి మిద్దె మీర్జాది" అన్నాను. "ఎదురుగా మనిషి ఉన్నవాడెవడూ పక్షిని ఎత్తి చూపడు. మా చెల్లెలు దూరంనించి చూడలేదు. వల ఆవిడ చేతిలో ఉండేది. దూరంగా ఉన్నది నేను. మిద్దె ఎక్కడానికి భయపడి కింద గదిలో చదువుకున్నాను. ఈ పుస్తకంలో చూసింది ఆవిడ, విన్నది నేను. ఇక ఆ ఎత్తడమంటారా, అది ఎక్కడ పుట్టిందో, ఏ కాఫీ కప్పులో పుట్టిందో, ఈ హాల్లో ఇద్దరికే తెలుసు."

వాడి మొహంలో రక్తం దిగిపోవడం చూశాను. కాఫీ కప్పు గుర్తొచ్చింది వాడికి. కర్ర వదిలేసి కుర్చీ పట్టుకున్నాడు. మొత్తం హాలు నావైపు తిరిగింది. లమీస్ కళ్లు మెరుస్తున్నాయి.

"ఎవరా ఇద్దరు ఉస్తాద్? చెప్పండి! చెప్పండి!" అని నాలుగు వైపులనించీ అరిచారు.

నలభై ఏళ్లుగా ఆ పేరు నాలిక చివర పెట్టుకుని బతికాను బహియ్యా. పొద్దున అద్దం ముందు నిలబడి అనుకున్నాను కూడా, ఎంత గొంతుతో చెప్పాలో. వాడు నన్నే చూస్తున్నాడు, ఎదుటి మిద్దె మీద మెడ చాచి నిలబడ్డవాడిలా.

"మూడోవాడికేం పని?" అన్నాను.

వెనక వరస ఒక్కసారిగా ఈల వేసింది. ఖాజీ దగ్గర నాన్నకి వేసిన ఈల కాదది. గుంపు సుఖంగా దిగినప్పుడు వేసే ఈల. నువ్వు వంటింట్లోంచి విని చెప్పేదానివే, అది. నువ్వు చెప్పకుండానే అర్థమై నేను నా చెవితో వినడం అదే మొదటిసారి. ఎడమ చెవికి కూడా వినపడింది.

సభ అయ్యాక బుర్హాన్ సంతకం కోసం వరసలో నిలబడ్డాడు. అందరికన్నా చివర. పుస్తకం ముందు పెట్టాడు గానీ తలెత్తలేదు. "బహియ్యాగారి సంతకం కూడా కావాలి" అన్నాడు నెమ్మదిగా. ఆ పుస్తకం అబూ సయ్యాహ్ చేత పంపుతున్నాను. సంతకం చేసి పంపు. పైన చోటు వదిలాను.

వాణ్ణి క్షమించానని రుష్దీ ఊరంతా చెప్పుకు తిరుగుతాడేమో, తిరగనివ్వకు. క్షమించలేదు. పట్టుకున్నాను. ముక్కు మీద మెల్లగా ఊది, గుండీ విప్పి లోపల పెట్టుకున్నాను. ఇంకా కొట్టుకుంటున్నాడు.

నీ అన్న
నజాతీ